చుక్క పెట్రోలు లేకుండా మంచిర్యాలకు

మనిషన్నవాడు బతుకంతా కలిపి చేసే తెలివితక్కువ పనులన్నీ నేను ఒకే ఒక్క పొద్దున, పన్నెండు మైళ్ల దారిలో చేసి పారేశాను. బెల్లంపల్లి నుంచి మంచిర్యాలకు పన్నెండు మైళ్లు. రైలెక్కి ఒక కునుకు తీద్దామనుకునేలోపే దిగాల్సిన ఊరు. ఆ ఊరికి నేను వెళ్లిన తీరు చెబుతాను, వినండి. నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్లు నవ్వీ నవ్వీ అలిసిపోయారు, ఇక మీ వంతు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. బొగ్గుబావి దగ్గర దీపాల గదిలో గుమాస్తాను. షిఫ్టుకు దిగేవాళ్లకు దీపాలు అందించడం, పైకొచ్చాక తిరిగి తీసుకోవడం నా పని. మా బాపు అదే బావిలో బొగ్గు కొట్టేవాడు. బాపుకు కూడా దీపం నేనే ఇస్తున్నాను కదా అని, లోకానికంతా వెలుగు చూపించేది నేనేనన్న భ్రమలో తిరిగేవాణ్ణి.

సరిగ్గా ఆ భ్రమ ముదిరిన రోజుల్లోనే, బావికి కలప సరఫరా చేసే కంట్రాక్టరు ఒకాయన ఊరు విడిచిపోతూ తన పాత కారును వదిలించుకోవాలని చూశాడు. అది వయసులో నాకన్నా పెద్దది. ఓడ దిగి వచ్చిన విలాయతీ బండి. ముందు రెండు గుడ్లగూబ కళ్లు, పక్కన కాలు పెట్టి ఎక్కడానికి పొడుగాటి మెట్టు, పైన గుడ్డ టాపు, రబ్బరు బుర్ర నొక్కితే బాతులా అరిచే హారను. నేను నా సైకిలు ఇచ్చి ఆ కారు తెచ్చుకున్నాను. మీరు సరిగానే చదివారు. సైకిలు ఇచ్చి, కారు తెచ్చుకున్నాను. ఇంత లాభసాటి బేరం జిల్లాలో మరెవరూ చేసి ఉండరని ఆ రోజంతా నా భుజం నేనే తట్టుకున్నాను.

బాపు వాకిట్లో నిలబడి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సైకిలిచ్చి కారు తెచ్చినవా?"

"అవ్ బాపు. ఎట్లుంది?"

"మంచిగనే ఉంది. ఇన్నొద్దులు సైకిలుకు ఏం తాగవోసినవ్?"

"సైకిలుకేం తాగవోస్త బాపు?"

"గదే అంటున్న" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ మాట నా బుర్రకెక్కడానికి వారం పట్టింది. అప్పట్లో మాకు పెట్రోలు దొరికేది మంచిర్యాలలోనే. అక్కడికి పోయి ట్యాంకులో గ్యాలనో రెండు గ్యాలన్లో పోయించుకుని ఇంటికి తిరిగొచ్చేసరికి, పోయించుకున్నదంతా దారిలోనే తాగేసేది. అంటే, పెట్రోలు తెచ్చుకోవడానికి తప్ప ఆ కారు ఇంకెందుకూ పనికిరాదన్నమాట! ఇంటి నుంచి దీపాల గదికి మైలున్నర. ఆ మైలున్నరకే అది ఆయాసపడి నీళ్లూ పెట్రోలూ రెండూ అడిగేది.

ఊరు ఊరుకుంటుందా? ఎదురుపడ్డ ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న.

"రాజేశం, గ్యాలనుకు ఎన్ని మైళ్లిస్తది?"

"ముప్పై" అనేవాణ్ణి రెప్ప వేయకుండా.

నిజానికి ఎనిమిది. అదీ దిగుడు దారిలో. ఆ ఎనిమిదిని ముప్పై చేయడానికి నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. దిగుడు కనిపిస్తే చాలు ఇంజను ఆపేసేవాణ్ణి. ఎక్కుడు వస్తే ఎక్కినవాళ్లందరినీ దింపేసి నడవమనేవాణ్ణి. బరువు తగ్గుతుందని వెనక సీటు పీకి ఇంట్లో వేశాను, దాని మీద బాపు కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. ఒకసారి మా అమ్మను, అవ్వ అని పిలిచేవాళ్లం, అంగడికి తీసుకుపోతూ, "అవ్వా, గా చెంబు అవసరమా, బరువైతది" అన్నాను. అవ్వ చెంబుతో సహా దిగి నడిచిపోయింది. నాకంటే ముందే అంగడికి చేరింది కూడా.

ఇలా ఉండగా యాకూబ్ మామ నా బతుకులోకి వచ్చాడు. స్టేషన్ దగ్గర రిపేరు షాపు నడిపే ముసలాయన. యుద్ధం రోజుల్లో కరీంనగర్ వైపు బస్సు నడిపాడు. నా కారు పరిస్థితి చూసి జాలిపడి అన్నాడు.

"అరె బేటా, లడాయి టైంల పెట్రోల్ ఏడ దొరికింది? మా బస్సు బొగ్గు మీదనే నడిచేది."

"బొగ్గు మీద బస్సా?"

"ఎనుక గింత డ్రమ్ము ఉండేది. దాంట్ల కట్టెబొగ్గు నింపాలె, కింద నిప్పు పెట్టాలె, గాలి మిషిన్ తిప్పాలె. గా పొగ గొట్టంలకెళ్లి ఇంజన్లకు పోతది. ఇంజన్ పొగ తాగి నడుస్తది. జర మెల్లగ నడుస్తది, కాని నడుస్తది."

అలాంటి డ్రమ్ము ఒకటి ఆయన షాపు వెనక తుప్పు పట్టి పడుంది. నేను దాన్ని చూసిన చూపు, పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ చూసి ఉండరు. వారం రోజులు ఆయన వెంటపడి, నా కారు వెనక దాన్ని బిగించుకున్నాను. బిగిస్తూ యాకూబ్ మామ నాలుగుసార్లు చెప్పాడు.

"కట్టెబొగ్గే ఎయ్యాలె. యాద్ పెట్టుకో. వేరేది ఏసినవో, ఇంజన్ ఖతం. ఇంకో మాట, డబ్బల జర పెట్రోల్ ఎప్పుడు దగ్గర ఉంచుకో."

యాద్ పెట్టుకున్నాను. నాకు అన్నీ గుర్తుంటాయి. గుర్తున్నదాని ప్రకారం నడుచుకోవడమే చేతకాదు. ఆయన దగ్గరున్న అర బస్తా కట్టెబొగ్గుతో ఊళ్లో రెండు రోజులు తిరిగాను. నడిచేవాళ్లు నన్ను దాటిపోయేవాళ్లు, నిజమే. అయినా కారు నడిచింది! టీ హోటల్లో నలుగురి ముందు బల్ల గుద్ది చెప్పాను.

"మా సరోజన పరీక్షకు నేనే తోల్కపోత. చుక్క పెట్రోల్ ముట్టకుండ మంచిర్యాలల దించుత. రాసిపెట్టుకోండ్రి!"

ఇక్కడ మా చెల్లెలు సరోజన సంగతి చెప్పాలి. ఆ ఏడు మెట్రిక్ పరీక్ష రాస్తోంది. మా కార్మికుల వాడలో అంతదాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. బాపు ముందే తేల్చి చెప్పాడు: "పాసయితే టీచర్ ట్రైనింగ్‌కు తోలుత. కాకుంటె గీ ఎండకాలంలనే లగ్గం చేస్త. అప్పుడు నన్ను అనద్దు." పరీక్ష సెంటరు మంచిర్యాలలో. ఒక్క పేపరు తప్పినా ఆమె చదువు అంతటితో సరి. పొద్దున ఏడింటికి ప్యాసింజరు ఉంది, తోటి పిల్లలంతా అందులోనే పోతున్నారు. పరీక్ష పదింటికి. ఇందులో చెడగొట్టడానికి ఏముందని మీరు అనుకోవచ్చు. మీకింకా నేను తెలియదు కదా!

"అన్నా, నేను రైల్ల పోత" అంది సరోజన ముందురోజు సాయంత్రం.

"ఎందుకే, ఇంట్ల కారు పెట్టుకొని?"

"కారు ఉన్నందుకే భయమైతుంది."

ఆ సాయంత్రమే తెలిసింది, కట్టెబొగ్గు అయిపోయిందని. అడవి నుంచి అమ్మకానికి తెచ్చేవాడు ఆ వారం రాలేదు. తల పట్టుకుని పెరట్లోకి పోయాను. అక్కడ ఏముంది? కంపెనీ వాళ్లు ప్రతి ఇంటికీ వంటచెరకు కింద ఇచ్చే బావి బొగ్గు, నా నడుమంత ఎత్తు కుప్ప! నల్లగా, నిగనిగలాడుతూ, నన్ను చూసి కన్ను కొట్టింది. బొగ్గుబాయి కార్మికుడి కొడుకునై ఉండి, ఊరి కింద అంతా బొగ్గే ఉండగా, అడవివాడి కట్టెబొగ్గు కోసం దేవులాడటమా? నాకే నవ్వొచ్చింది. రైలింజను దేనితో నడుస్తుంది? ఈ బొగ్గుతోనే కదా! అంత పెద్ద రైలుకు పనికొచ్చేది నా చిన్న కారుకు పనికిరాదా?

యాకూబ్ మామను అడగలేదు. అడిగితే వద్దంటాడని నాకు తెలుసు.

కానీ మా అవ్వ చూసింది. గంపలో బొగ్గు ఎత్తుతుంటే కొంగు బిగించుకుని వచ్చింది.

"ఒరేయ్, గది పచ్చి బొగ్గు. నేను పొయ్యిల పెట్టేముందుగాల వాకిట్ల కాలవెట్టి, పొగంత పోయినంక ఆర్పి, అప్పుడు వాడుకుంట. లేకుంటె గిన్నెలకు జిగట పట్టుకుంటది. ఎంత తోమినా పోదు."

"అవ్వా, గది గిన్నె. గిది ఇంజన్."

"గిన్నెకు పట్టేది ఇంజన్‌కు పట్టదా?"

వంటింట్లోంచి వచ్చే శాస్త్రాన్ని నేను లెక్కచేసేవాణ్ణి కాదు. పైగా రైలు సంగతి చెప్పి ఆవిడ నోరు మూయించాను. రైలు బొగ్గును మండించి నీళ్లు కాచుకుంటుంది, నా కారు ఆ పొగనే లోపలికి పీల్చుకుంటుంది, ఈ రెంటికీ నీళ్లపొయ్యికీ చుట్టకూ ఉన్నంత తేడా ఉందని నాకు తట్టలేదు.

ఇక మిగిలింది బాపు. "పొల్లను పరేషాన్ చెయ్యకు. రైల్ల తోలుదాం" అన్నాడు.

"బాపు, ఒక్కసారి ఆలోచన చెయ్. నువ్వు బాయిల కొట్టిన బొగ్గు. గా బొగ్గుతోటి నీ బిడ్డ పరీక్షకు పోతది. గంత గొప్ప ఎవలకుంటది?"

బాపు బీడీ నోట్లోంచి తీశాడు. "నేను కొట్టిందేనా గిది?"

"నువ్వు కొట్టిందే."

గంపలోంచి ఒక పెళ్ల తీసి చేతిలో తిప్పి చూశాడు. ఆయన కొట్టిన బొగ్గు ఎక్కడెక్కడి రైళ్లనో నడిపింది గానీ, ఆయన బిడ్డల్ని ఎక్కడికీ తీసుకుపోలేదు. ఆయన మెత్తబడ్డాడు. "సరే, పోండ్రి. నేను ఎనుక రైలుకచ్చి పరీక్షకాడ ఉంట" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన్ని పడగొట్టినందుకు నాకు ఇవాళ్టికీ సిగ్గుగా ఉంటుంది.

తెల్లవారుతూనే డ్రమ్ములో బొగ్గు నింపి నిప్పు పెట్టాను. గాలి మిషను తిప్పాను. వచ్చింది చూడండి పొగ! తెల్లటిది కాదు, నల్లటిదీ కాదు, పసుపు కలిపిన మురికి రంగు. వాడంతా దగ్గుతూ బయటికొచ్చింది. ఎదురింటి వాళ్లు కడవలతో నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు, మా ఇల్లు అంటుకుందని. చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పాక ఇంజను ఒకసారి తుమ్మి, రెండుసార్లు దగ్గి, మొత్తానికి అందుకుంది. అవ్వ దిష్టి తీసింది. సరోజన ఉతికిన లంగా ఓణీ వేసుకుని, అట్ట, కలం, సిరాబుడ్డి ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. యాకూబ్ మామ చెప్పిన పెట్రోలు డబ్బా మాత్రం ఇంట్లోనే వదిలాను. మాటంటే మాటే కదా, చుక్క పెట్రోలు ముట్టకుండా!

నాలుగు మైళ్లు నడిచింది. ఆ నాలుగు మైళ్లూ నేను రాజును. హారను నొక్కుకుంటూ, చేతులూపుకుంటూ పోయాను. నాలుగో మైలు దాటాక ఇంజనుకు గొంతు పట్టింది. తర్వాత ఎక్కిళ్లు. తర్వాత ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, రైలు పట్టాల పక్కనే ఆగిపోయింది.

"ఏమైంది అన్నా?"

"ఏం కాలే. పది నిమిషాలల అయితది."

మూత తీశాను. గొట్టాల్లో, పొగను వడకట్టే జల్లెడలో, అంతటా నల్లటి పాకం. అరిసెల పాకం ముదిరితే ఎలా సాగుతుందో అలా సాగుతోంది. పుల్లతో గీకితే పుల్ల అంటుకుంది. చేత్తో లాగితే చెయ్యి అంటుకుంది. ముక్కు మీద ఈగ వాలితే తోలుకున్నాను, మొహమంతా అంటుకుంది. సరిగ్గా అప్పుడే కూత వేసుకుంటూ ప్యాసింజరు వచ్చింది. కిటికీల నిండా మా చెల్లెలి తోటి పిల్లలు. అందరూ చేతులూపారు. సరోజన ఊపలేదు. రైలు పోయేదాకా దాన్నే చూస్తూ నిలబడింది.

"అన్నా, ఎంతసేపు?"

"పది నిమిషాలు."

ఆమె కూడా ఓణీ చెక్కి, జల్లెడ పట్టుకుని తుడిచింది. గాలి మిషను తిప్పింది. చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. పొద్దు పైకెక్కింది. ఎనిమిది దాటింది. వెనక నుంచి గజ్జెల సప్పుడు వినిపించింది. గూడు కట్టిన సవారీ బండి, మా వైపు కచ్చురం అంటాం, రెండు కోడెలు పరుగుమీద లాక్కొస్తున్నాయి. లోపల ఒక రైతూ ఆయన భార్యా. రైతు పగ్గాలు బిగించి, నా మొహం చూసి, కారు చూసి అడిగాడు.

"ఏం బిడ్డా, ఇల్లు గిట్ల కాలిందా?"

"లేదు పెద్దయ్యా. మా అన్న కారు" అంది సరోజన. "మంచిర్యాలల నాకు పరీక్ష ఉంది. పదింటిదాక చేరకుంటె లోపలికి రానియ్యరు. జర దించుతవా?"

"ఎక్కు బిడ్డా, ఎక్కు."

అప్పుడు నేనేమన్నానో తెలుసా? "సరోజనా, ఇంకో పది నిమిషాలు ఆగు, అయిపోతది" అన్నాను!

ఆమె బండి మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది. కళ్లనిండా నీళ్లు. "అన్నా, నువ్వు గంట సంది గదే పది నిమిషాలు చెప్తున్నవ్. నాకు టీచర్ కావాల్నని ఉందన్నా. నీ కారు ఎన్ని మైళ్లిచ్చినా నాకేం ఫాయిదా?"

కచ్చురం దుమ్ము లేపుకుంటూ పోయింది. నేను రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాను. బూడిదపాలైంది ఇంజను కాదు, నా చెల్లెలి బతుకేమోనన్న భయం అప్పుడు మొదలైంది.

కారు అక్కడే పారేసి నడిచిపోవచ్చు కదా అంటారా? ఎవడెత్తుకుపోతాడు దాన్ని? కానీ టీ హోటల్ బల్ల గుద్దినవాణ్ణి కదా, ఉత్త చేతులతో ఎలా పోతాను? ఇంతలో పొలం వైపు నుంచి ఒక తాత రెండు దున్నపోతుల్ని తోలుకుంటూ వచ్చాడు. కారు చుట్టూ తిరిగి డ్రమ్ములోకి తొంగి చూశాడు.

"గిది ఏం తింటది కొడకా?"

"బొగ్గు, తాతా."

"గందుకే గిట్లైంది. గడ్డి పెట్టరాదు?"

కాళ్లావేళ్లా పడితే ఒప్పుకున్నాడు. తాళ్లతో కారుకు ముందు దున్నపోతుల్ని కట్టాం. తాత వాటి పక్కన నడిచాడు. నేను స్టీరింగు పట్టుకుని లోపల కూర్చున్నాను. ఎనిమిది మైళ్లు! దారిలో కుంట కనిపిస్తే దున్నపోతులు నన్ను అడగకుండా అందులోకి దిగాయి. వాటితో పాటు నేనూ, కారూ. అరగంట వాటికి జలకాలాట, నాకు మెట్టు దాకా నీళ్లు. సైకిళ్లమీద పోయేవాళ్లు దిగి, తనివితీరా నవ్వి, మళ్లీ ఎక్కి పోయారు. నేను వాళ్లను చూడటం లేదు. సరోజన చేరిందా, లోపలికి రానిచ్చారా, అదొక్కటే నా తలలో తిరుగుతోంది.

బడి ముందు కారు ఆగేసరికి ఒంటిగంట కావస్తోంది. గేటు దగ్గర బాపు, పరీక్ష మొదలయ్యాక వెనక రైలుకు దిగినవాడు. ఉతికిన ధోతి, తలకు కొత్త రుమాలు. పక్కన మా టీ హోటల్ మిత్రులు, తమాషా చూడటానికి రైలెక్కి వచ్చినవాళ్లు. వాళ్లంతా దున్నపోతుల్ని చూశారు. బాపు మాత్రం కారు లోపలికి చూశాడు.

"పొల్ల యేదిరా?"

"పొద్దుగాలనే కచ్చురంల తోలిచ్చిన బాపు."

"చేరిందా?"

"తెల్వది బాపు."

బాపు నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డాడు. గంట మోగింది. పిల్లలు గుంపులుగా వస్తున్నారు. పది మంది, ఇరవై మంది. మా పిల్ల లేదు. చివరికి, అందరికన్నా వెనక, నల్లటి చేతులతో అట్ట పట్టుకుని సరోజన వచ్చింది.

"రాసినవా బిడ్డా?" బాపు ఊచల మధ్య నుంచే అడిగాడు.

"రాసిన బాపు. ఆలస్యమైందని గేటుకాడి సారు రానియ్యనన్నడు. ఎందుకైందో చెప్పమన్నడు. అన్న సంగతంత చెప్పిన. సారు నవ్వి నవ్వి కండ్లు తుడుసుకుంట, ఉరుకు బిడ్డా అన్నడు."

బాపు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నా ఏడుపు ఎవరికీ కనబడలేదు, మొహం మీద అంత పాకం ఉంది. టీ హోటల్ మిత్రుడొకడు మాత్రం ఊరుకోలేక అడిగాడు.

"రాజేశం, పెట్రోల్ ఎంత కాలింది?"

"చుక్క కూడ కాలే!" అన్నాను తలెత్తి. అబద్ధమైతే కాదు కదా!

మిగతా పరీక్షలన్నింటికీ సరోజన రైల్లోనే పోయింది. నన్ను స్టేషన్ దాకా కూడా రానివ్వలేదు. పాసయింది. బాపు మాట నిలబెట్టుకున్నాడు, ట్రైనింగ్ అయింది, హుస్నాబాద్ దగ్గర ఒక బడిలో టీచరైంది. కొన్నేళ్లకు ఒకసారి చూసొద్దామని వెళ్లాను. మూడో తరగతిలో లెక్కలు చెబుతోంది. వాకిలి పక్కన నిలబడి గర్వంగా విన్నాను.

"ఒక కారు బెల్లంపల్లిల బయలెల్లింది. మంచిర్యాల పన్నెండు మైళ్లు. నాలుగు మైళ్లు నడిచి ఆగింది. మిగిలిన దారికి ఎన్ని దున్నపోతులు కావాలె?"

రెండు జడల పిల్ల ఒకతి టక్కున లేచింది. "మూడు, టీచర్!"

"మూడెట్ల?"

"బయట గుంజేటియి రెండు, లోపల స్టీరింగ్ పట్టుకున్నది ఒకటి."

తరగతి ఘొల్లుమంది. సరోజన వాకిలి దగ్గర నన్ను చూసింది. మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా, "కరెక్ట్. కూసో" అంది.

ఆ బడి గడప మీద నిలబడి, పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో ఏ బండి స్టీరింగూ పట్టను, ఏ బండి ఎన్ని మైళ్లిస్తుందో ఎవరినీ అడగను, అడిగినవాడికి చెప్పను. సాయంత్రం బస్సెక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. పాత బస్సు. మంచి బలమైన చప్పుడు చేస్తోంది. గ్యాలనుకు ఎన్ని మైళ్లిస్తదన్నా అని అడగాలని నాలుక ఒకటే దురద పెట్టింది. కరీంనగర్ వచ్చేదాకా రుమాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.